హోల్డ్ అంటే

గోపాలును ఎండ్రకాయ పట్టినప్పుడు వాడు అరవలేదు. అరవడానికి రొమ్ములో గాలి ఉండాలి గదా. ఎండు వెదురు కాలికింద నలిగినట్టు ఒక చప్పుడైంది, అంతే. లారీకి ఇవతల తాడు పట్టుకుని నిలబడ్డ సంసోను ఆ చప్పుడు విన్నాడు. మనిషిలోంచి వచ్చిందనుకోలేదు. కట్టె విరిగిందనుకున్నాడు.

ఎండ్రకాయ అంటే బండి. పాల్వంచ నుంచి భద్రాచలం పోయే రోడ్డుకు లోపలగా, జామాయిల్ తోటల నడుమ ఉన్న కలప డిపోలో దుంగలు లేపి లారీలో పెట్టే యంత్రం. పొడుగాటి ఇనుప చెయ్యి, దాని కొసన ఎదురెదురుగా నాలుగు గోళ్ళు. కాగితాల్లో దాని పేరు వేరే ఉంది గాని హమాలీల నోట్లో అది ఎండ్రకాయే. గోళ్ళు మూసే లివరు ఆపరేటరు కుడిచేతి కింద ఉంటుంది.

ఆ పొద్దున లోడు సగం పడింది. గోళ్ళ మధ్య ఉన్న దుంగల్లో వంకరదొకటి అడ్డం తిరిగి మోపు కుదురుకోలేదు. దాన్ని గుంజేద్దామని గోపాలు లోడు మీదినుంచి గోళ్ళ నడుమకు వంగాడు. కేబిన్‌లో ఉన్న దేవ్‌సింగ్‌కు మోపు అడ్డం. గోపాలు కనబడే దారి లేదు. పక్కనుంచి చూసిన సూపర్‌వైజరు అనిల్‌కుమార్ వాకీటాకీ నోటికి పెట్టుకుని అరిచాడు.

"హోల్డ్! హోల్డ్!"

గోళ్ళు కదిలాయి. సంసోను చేతిలో తాడు కూడా, తనకు తెలియకుండానే బిగిసింది.

"హోల్డ్ అంటున్నా! హోల్డ్! హోల్డ్!"

ఆయన ఎంత గట్టిగా అరిస్తే గోళ్ళు అంత గట్టిగా బిగిశాయి.

లోడు మీద రెండో మనిషి "చచ్చిపోతున్నడురో!" అని మొత్తుకునేదాకా సంసోనుకు సంగతి తెలియలేదు. తాడు విసిరేసి ఉరికాడు. కేబిన్ తలుపు మీద రెండు చేతులతో బాదాడు.

"వదులు! వదులురా దేవ్‌సింగూ, వదులు!"

గోళ్ళు విచ్చుకున్నాయి. గోపాలు దుంగల మీదినుంచి జారి, లారీ అంచుకు తగిలి నేల మీద పడ్డాడు. రొమ్ము ఒక పక్క పళ్ళెం లోపలి భాగంలాగా గుంటపడింది. నోట్లోంచి నురగతో కలిసిన నెత్తురు బుడగలు బుడగలుగా వస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచేతిలో ఆ వంకర దుంగ అట్లాగే ఉంది. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీస్తే గాని అది ఊడి రాలేదు.

గోపాలు పెండ్లాం ఎర్రమ్మ అవతల రేకుల నీడలో ఆడోళ్ళతో కూర్చుని దుంగలకు బెరడు ఒలుస్తోంది. కొడవలి చేత పట్టుకునే వచ్చింది. ఏడవలేదు. మొగుని తల ఒళ్ళో పెట్టుకుని, "జీపు తేండ్రి, జల్దీ తేండ్రి" అంది. ఇద్దరినీ డిపో జీపులో ఎక్కించారు. జీపు ఎర్రదుమ్ము లేపుకుంటూ భద్రాచలం దవాఖానాకు పోయింది. దుమ్ము అణగకముందే రాందాస్ కేబిన్ ఎక్కాడు.

రాందాస్ గోపాలుకు అన్న. చర్ల అవతలి ఊరు. ఇద్దరూ ఒకే గ్యాంగులో ఎనిమిదేండ్లుగా దుంగలు మోస్తున్నారు. వాడు దేవ్‌సింగ్ మెడ మీది తువ్వాల పట్టి ఒక్క గుంజు గుంజాడు. దేవ్‌సింగ్ రెండు మెట్ల మీదినుంచి మొహం కింద పెట్టి పడ్డాడు. పళ్ళు కింది పెదవిలో దిగబడ్డాయి.

"ఆపమని మొత్తుకుంటుంటే ఇంకింత బిగిస్తవా? ఇంతమందిమి చూస్తుంటేనే బిగిస్తవా?"

"నాకు కనపడలే అన్నా! సారు పట్టుకోమన్నడు! పట్టుకోమనే అన్నడు!"

"ఏ సారన్నడురా?"

అందరూ అనిల్‌కుమార్ వైపు చూశారు. ఆయన సత్తుపల్లి దిక్కు రైతు కుటుంబం మనిషి. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద సైట్లలో చేసి, ఇక్కడికొచ్చి నాలుగు రోజులైంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేను ఆపమనే అరిచానండీ. ఐదుసార్లు అరిచా. వింటూనే ఉన్నాడు, బిగిస్తూనే ఉన్నాడు."

ఆ మాటలో అబద్ధం లేదు. అదే దేవ్‌సింగ్ ప్రాణం మీదికి తెచ్చింది.

రాందాస్ కాలితో తన్నాడు. ఇంకో ఇద్దరు కలిశారు. జామాయిల్ కర్రలకు డిపోలో కరువా? తొలి దెబ్బ వీపు మీద పడింది. రెండోది ముంజేతి మీద పడి ఎముక పటుక్కుమంది. దేవ్‌సింగ్ ముడుచుకుని తల దాచుకున్నాడు. పాల్వంచ పక్క తండా పిల్లగాడు, ఇరవై ఆరేండ్లుంటాయి. గట్టి మనిషే, కానీ తిరగబడలేదు.

"మొన్న కల్లు కాడ ఏమన్నవ్‌రా మా తమ్మున్ని?" రాందాస్ వాడి జుట్టు పట్టి తల లేపాడు. "ఒకనాడు నా ఎండ్రకాయకు దొరకకపోతవా అన్నవా, అనలేదా?"

"నవ్వులాటకన్న అన్నా! వాడు నన్ను ముసలోని లెక్క తోల్తున్నవని ఎక్కిరిస్తే అన్న! వాడు గూడ నవ్విండు!"

"ఇప్పుడు నవ్వురా మరి!"

మోకాలు మొహం మీద పడింది. ముక్కు పక్కకు తిరిగింది.

సంసోను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. గ్యాంగుకు మేస్త్రీ ఆయనే. ఆయన "ఆగండ్రా" అంటే ఆగేవాళ్ళే. కానీ "సారు పట్టుకోమన్నడు" అన్న మాట ఆయన్ను నిలబడ్డచోటే ఆపేసింది. ఎందుకంటే సారు నోట వచ్చిన మాట ఆయన కూడా విన్నాడు. విని, తాడు బిగబట్టాడు.

డిపోలో ఆయన్ను ఇంగ్లీషు సంసోను అంటారు. భద్రాచలంలో మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివాడు. గోలీల పట్టీ మీద ఏం రాసుందో, బ్యాంకు మెసేజీ ఏమంటుందో, బండికి బిగించిన రేకు మీద ఏముందో ఆయనే చదివి చెప్పాలి. చెప్పేటప్పుడు గొంతు కొంచెం మారేది. అది ఆయనకూ తెలుసు.

నిరుడు గోదారి పొంగి దారి మూసుకుపోయినప్పుడు డిపోలో వారం రోజులు పని లేదు. ఆపరేటరు కార్డుకు పరీక్ష ఉందని దేవ్‌సింగ్ నోటుబుక్కు పట్టుకుని ఆయన దగ్గర కూర్చున్నాడు. రేకుల మీద వాన దంచుతోంది.

"కాకా, పట్టుకొనుడుకు ఇంగ్లీషుల ఏమంటరు?"

"ఏ పట్టుకొనుడు?"

"పట్టుకొనుడుల గూడ ఎన్ని తీర్లుంటయే?"

"మనకైతే ఒకటే. ఎద్దును పట్టినా పట్టుడే, దొంగను పట్టినా పట్టుడే, దయ్యం పట్టినా పట్టుడే. వాళ్ళకట్ల గాదు. చెయ్యి ఎట్ల మూస్తే దానికొక పేరు. ఇటు తే నీ చెయ్యి."

వాడి మణికట్టు చుట్టూ ఐదు వేళ్ళూ బిగించాడు. "గిది గ్రిప్. జారకుండ పట్టుడు." వాడి జేబులో బీడీకట్ట టక్కున లాగాడు. "గిది గ్రాబ్."

"గిది దొంగతనం కాకా!"

"ఉరికితే దొంగతనం. గప్పుడు స్నాచ్ అంటరు, గొలుసు తెంపుకపోయేటోని లెక్క. సీజ్ అంటే—"

"సీజ్ నాకెర్కే. మా బామ్మర్ది బండి సీజ్ జేసిన్రు, ఇంక రాలే."

"క్లచ్ అంటే, భయమైన పిల్లగాడు తల్లి కొంగు పట్టినట్టు."

"క్లచ్చి కాలితోని తొక్కేది గదనే! ఇంగ్లీషోళ్ళకు కాలేదో చెయ్యేదో తెల్వదా?"

సంసోను కూడా నవ్వాడు. తర్వాత వేడి చాయ్ గ్లాసు వాడి చేతిలో పెట్టి, వాడి వేళ్ళ మీద తన వేళ్ళు మూశాడు.

"గిది హోల్డ్."

"అంటే?"

"పట్టుకొని ఉండుడు. కాలినా సరే, వదలకుండుడు. ఎవరన్న హోల్డ్ అంటే నువ్వు వదలొద్దన్నట్టు."

దేవ్‌సింగ్ తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. పరీక్ష పాసయ్యాడు. ఆ మాట సంసోనుకూ నచ్చింది. లోడు మీదికి తాడు వేసినప్పుడల్లా "హోల్డ్!" అని గొంతు మార్చి అనేవాడు. గ్యాంగంతా తాడుకు వేలాడేది.

అనిల్‌కుమార్ వచ్చిన నాడు అందరినీ నిలబెట్టి వాకీటాకీలు పంచాడు. "రేపట్నుంచి చేతులూపడాలు, ఈలలు వద్దు. నేను గో అంటే గో. హోల్డ్ అంటే హోల్డ్. అర్థమైందా?" అన్నాడు. అందరూ తలలూపారు. అందరికంటే ముందు ఊపింది సంసోను. ఈ పొద్దున దాకా సారు నోట గో తప్ప హోల్డ్ రాలేదు.

"నీళ్ళు పొయ్యండ్రా వాని మొఖం మీద. సోయి తప్పనియ్యొద్దు."

రాందాస్ గొంతుకు సంసోను ఉలిక్కిపడ్డాడు. ఎవడో బిందె కుమ్మరించాడు. దేవ్‌సింగ్ దగ్గాడు. ఒక పన్ను నీళ్ళతో పాటు కొట్టుకొచ్చి బెరడు చెత్తలో ఆగింది. వాడి కళ్ళు ఒక్కసారి సంసోను కోసం వెతికాయి.

"కాకా... నువ్వన్న చెప్పు కాకా."

సంసోను ఒక అడుగు వేసి ఆగాడు. చెబితే ఏమవుతుందో కళ్ళ ముందే కనబడుతోంది. ఆ కర్రలు ఇటు తిరుగుతాయి. బతికితే, ఇంగ్లీషు సంసోను నేర్పిన మాటకే గోపాలు నలిగాడని చర్ల దాకా చెప్పుకుంటారు. ఇంకొక్క నిమిషం చూద్దాం, అంతలో వాళ్ళే చాలిస్తారనుకున్నాడు. ఆ నిమిషంలో దేవ్‌సింగ్ పక్కటెముకల మీద రెండు దెబ్బలు పడ్డాయి.

రాందాస్ జేబులో ఫోను మోగింది. అందరూ ఆగారు. ఎర్రమ్మ గొంతు బయటికే వినబడింది.

"సారపాక దాటలే బావా. బ్రిడ్జి ఎక్కకముందే పోయిండు."

రాందాస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. లారీ కింద గూటాలు చెక్కే గొడ్డలి ఉంటుంది. పోయి తెచ్చాడు.

"పండబెట్టుండ్రి."

ఇద్దరు దేవ్‌సింగ్ నడుం మీద కూర్చున్నారు. ఒకడు కుడిచెయ్యి గుంజి దుంగ మీద పెట్టాడు. ఇప్పటిదాకా కొట్టినవాళ్ళలో ఒకడు "వద్దు రాందాసూ, పోలీసులకిద్దాం" అని గొణిగాడు గాని, చెయ్యి వదలలేదు.

"ఏ చెయ్యితోని పట్టినవ్‌రా మా తమ్మున్ని? గీ చెయ్యేనా? ముందు గిది పోవాలె. తర్వాత మెడకాయ."

గొడ్డలి లేచింది.

సంసోను ఎప్పుడు ఉరికాడో ఆయనకే తెలియదు. దిగుతున్న గొడ్డలి కామను, ఆ కర్ర పిడిని, రెండు చేతులా పట్టాడు. రాందాస్ చేతుల నుంచి కామకంటిన నెత్తురు తడికి చేతులు జారి ఎడమచెయ్యి అంచు మీదికి పోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఆ అంచు దిగి ఎముకకు తగిలి ఆగింది. వదల్లేదు. ఇద్దరి మొహాల నడుమ జానెడు ఎడం లేదు. రాందాస్ ఊపిరి ఆయన నోట్లోకి వస్తోంది.

"వదులు మేస్త్రీ. నిన్ను గూడ నరుకుత."

"నరుకు. మొదలు నన్నే నరుకు. వానికి ఆ మాట నేర్పినోన్ని నేను."

"ఏం మాట?"

"హోల్డ్. సారు ఆపు అనలే. హోల్డ్ అన్నడు."

"ఇప్పుడు బడి పెడుతున్నవానె?" రాందాస్ తలతో ఆయన నుదురు మీద కుమ్మాడు. సంసోను కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. కామ మాత్రం వదల్లేదు. దేవ్‌సింగ్ మీద కూర్చున్న ఇద్దరి వైపు తల తిప్పాడు.

"మీరు పొద్దున నాతోని తాడు కాడ ఉన్నరు. సారు హోల్డ్ అన్నప్పుడు మీరేం జేసిన్రు? నిజం చెప్పుండ్రి. మీ పిల్లల మీద ఒట్టేసి చెప్పుండ్రి."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బిగవట్టినం" అన్నాడొకడు, నేల చూస్తూ.

"ఎందుకు బిగవట్టిన్రు?"

"నువ్వే గద మేస్త్రీ చెప్పినవ్. హోల్డ్ అంటే వదలొద్దని."

"సారూ!" సంసోను గొంతు చీలింది. "మీరేమన్నరో గదే మాట చెప్పుండ్రి. మీ హోల్డుకు అర్థమేంది?"

అనిల్‌కుమార్ వాకీటాకీ కిందికి దించాడు. "హోల్డ్ అంటే... ఆగు అనండీ. ఎక్కడిదక్కడ ఆపెయ్యమని. మా సైట్లో అందరూ అలాగే... నేను మొదటి రోజే చెప్పానుగా, హోల్డ్ అంటే హోల్డ్ అని."

బెరడు ఒలిచే ఆడోళ్ళలో ఒకామె నోట కొంగు కుక్కుకుంది. లారీ ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది, ఎవరూ ఆపలేదు.

రాందాస్ చేతుల్లో బలం తగ్గడం సంసోనుకు కామలోంచే తెలిసింది.

"అంటే మా తమ్మున్ని ఎవలు సంపినట్టు మేస్త్రీ?" రాందాస్ గొంతు పిల్లగానిదిలా సన్నబడింది. "ఎవన్ని నరకాలె నేను? చెప్పు. ఒక్కన్ని చూపెట్టు."

రాందాస్ గొడ్డలి విదిలించి గుంజుకుని, తిరగేసి, వెనుక మడమతో ఆయన భుజం మీద ఒక్కటి వేశాడు. గూడు ఎముక విరిగిన చప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడింది. సంసోను మోకాళ్ళ మీద కూలాడు. రెండో దెబ్బ కోసం తల వంచుకున్నాడు. అది రాలేదు.

రాందాస్ ఎండ్రకాయ దగ్గరికి పోయాడు. తెరుచుకుని ఉన్న గోళ్ళను గొడ్డలితో నరకడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. ఇనుముకు ఏమీ కాలేదు, గొడ్డలి అంచే నొక్కులు పడింది. అయినా నరుకుతూనే ఉన్నాడు. ప్రతి దెబ్బకూ తమ్ముడి పేరు పిలుస్తున్నాడు. ఆ సందున అనిల్‌కుమార్ ఆఫీసు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఇద్దరు దుంగలు పట్టుకుని అటు కదిలితే, బెరడు ఒలిచే ఆడోళ్ళు తలుపుకు అడ్డం కూర్చున్నారు.

దేవ్‌సింగ్‌ను ట్రాక్టరు ట్రాలీలో బెరడు పరిచి పడుకోబెట్టారు. ఇందాక నడుం మీద కూర్చున్నవాళ్ళే ఎత్తారు. సంసోను వాడి పక్కన ఎక్కాడు. ఎడమచేతికి తువ్వాల చుట్టాడు గాని ఆగడం లేదు. దారి పొడుగునా గుంతలే. గుంత వచ్చినప్పుడల్లా దేవ్‌సింగ్ మూలిగాడు. బ్రిడ్జి మీద ఒకసారి కళ్ళు తెరిచాడు.

"కాకా, గోపాలుకు ఎట్లుంది?"

సంసోను గోదారి వైపు చూశాడు.

"బాగైతదా?" మళ్ళీ అడిగాడు.

"లేదు బిడ్డా."

దేవ్‌సింగ్ వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. విరిగిన పక్కటెముకలతో గట్టిగా ఏడవడానికి కూడా వాడికి చేతగాలేదు.

దవాఖానాలో వాడిని లోపలికి తీసుకుపోయారు. మూడు పక్కటెముకలు, ముంజేయి, ముక్కు విరిగాయన్నారు, బతుకుతాడన్నారు. సంసోను చెయ్యి కుట్టించుకోవడానికి వరసలో నిలబడలేదు. శవాల గది వైపు నడిచాడు. మెట్ల మీద ఎర్రమ్మ కూర్చుని ఉంది. వేళ్ళకు జామాయిల్ బంక నల్లగా అంటుకుంది. దాని మీద ఎండిన నెత్తురు. పక్కన గోపాలు చెప్పులు జతగా పెట్టుకుంది.

"మా బావ ఫోన్ జేసిండు" అంది. "అంత చెప్పిండు. ఏం మాటన్నా అది?"

"హోల్డ్."

"దానికి రెండర్థాలున్నయంట గదా."

"అవ్."

"నీకు తెల్వదా?"

"బళ్ళె ఒకటే చెప్పిన్రమ్మా. నేను ఒకటే నేర్సుకున్న."

"సగం తెలిసింది మందికెందుకు నేర్పినవ్?"

ఎర్రమ్మ లేచింది. రెండు చేతులతో ఆయన అంగీ రొమ్ము దగ్గర పట్టింది. విరిగిన భుజం కదిలి సంసోనుకు కళ్ళు తిరిగాయి. ఆమె ఊపుతోంది, తలతో ఆయన రొమ్ము మీద కొడుతోంది. దవాఖానా మనిషొకడు ఉరికొచ్చి విడిపించబోయాడు.

"ఉండనియ్యి" అన్నాడు సంసోను.

అప్పుడే గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. కానిస్టేబులు చేతిలో కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"కలప డిపో కేసు మీదేనా? ఆపరేటరు లోపలున్నడట గదా. చూసినోళ్ళెవరు?"

"నేను చూసిన సార్" అన్నాడు సంసోను.

"సూపర్‌వైజరు ఫోన్ల చెప్పిండు. ఆపమంటే ఆపరేటరు ఆపలే, పాత పగ ఉన్నది. అంతే గదా?" కానిస్టేబులు అప్పుడే రాయడం మొదలుపెట్టాడు.

"అంతే గాదు సార్. గట్ల రాయకండ్రి. మొదలు నా పేరు రాయుండ్రి."

కానిస్టేబులు తలెత్తాడు. ఆమె పిడికిళ్ళు ఆయన అంగీ మీద అట్లాగే ఉన్నాయి.

"ముందు ఈమెను వదలమను" అన్నాడు కానిస్టేబులు.

"పట్టుకోనియ్యుండ్రి" అన్నాడు సంసోను. "నేను చెప్త, మీరు రాయుండ్రి."